విమల పచ్చిపులుసు కోసం వరంగల్లుకు

వరంగల్లు వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరూ ఒకటే అడుగుతున్నారు, కోట చూశావా, వేయిస్తంభాల గుడి చూశావా అని. నాలుగు రోజులున్నాను, రెండూ చూడలేదు. నేను చూసిందల్లా కాశిబుగ్గలో ఒక ఇంటి వెనక వసారా, రఘునాథపల్లిలో ఒక పుల్లమామిడి చెట్టు, ఒక బొగ్గుల కుంపటి. అయినా అటువైపు వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను. ఆ నాలుగు రోజుల్లో పడ్డ కంగారంతా ఎక్కడో ఒక చోట దించుకోవాలి కదా.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు సుజాత, మాది రాజమండ్రి. నిరుడు దయాకర్ గారిని పెళ్లి చేసుకున్నాను. ఆయనది వరంగల్లు. ఇక్కడ ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్నారు. ఆయన మొదటి భార్య విమల నాలుగేళ్ల కిందట జబ్బుచేసి పోయింది. వాళ్లకొక కూతురు, షారోన్, తొమ్మిదేళ్లది. తల్లి పోయినప్పటి నుంచి అమ్మమ్మ రూతమ్మ గారి దగ్గరే పెరుగుతోంది. జూన్ నుంచి పిల్లను మా దగ్గరకు తెచ్చుకోవాలని మా కోరిక. రూతమ్మ గారు పంపుతాననీ అనలేదు, పంపననీ అనలేదు. "కూడికకు రాండ్రి, అప్పుడు మాట్లాడుకుందాం" అని మాత్రం ఫోన్లో అన్నారు.

కూడిక అంటే జ్ఞాపకార్థ కూడిక. మా క్రైస్తవుల ఇళ్లలో పోయినవాళ్ల రోజు వచ్చినప్పుడు పాస్టరుగారిని పిలిచి, నాలుగు పాటలు పాడి, ప్రార్థన చేసి, వచ్చినవాళ్లకు భోజనం పెడతాం. విమల రోజు మే నెలలో వస్తుంది. సరిగ్గా పది రోజుల ముందు మా ఆయన బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. తొడ దాకా పిండికట్టు. ఇంకెవరు వెళ్లాలి? నేనే. సవతి జ్ఞాపకార్థ కూడికకు, సవతి పుట్టింటికి, ఒక్కదాన్నే. తిరుగు ప్రయాణానికి మాత్రం రెండు టికెట్లు తీశాను, ఒకటి నాకు, ఒకటి షారోన్‌కు. ఆ రెండో టికెట్ సంగతి ఎవరికీ చెప్పలేదు. పర్సులో పెట్టుకొని, ఉందో లేదో అని కొవ్వూరు దాటేలోపే మూడుసార్లు చూసుకున్నాను.

డోర్నకల్లో మామిడి ముక్కలు

రైల్లో నా ఎదురు సీటులో హనుమకొండ ఆవిడ ఒకామె కూర్చుంది. విజయవాడలో కూతురిని చూసి వెళ్తోందట. డోర్నకల్లో ఉప్పూకారం చల్లిన మామిడి ముక్కలు ఎక్కాయి, కాగితప్పొట్లం ఇరవై రూపాయలు. ఆమె రెండు కొని ఒకటి నా చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే కళ్లెర్రజేసింది.

"ఏడికి పోతాన్నవు చెల్లె? సుట్టాలింటికా?"

ఔనన్నాను. ఏం చుట్టరికమో చెప్పలేక, వంట గురించి ఎత్తాను. మీ వైపు మామిడికాయతో పచ్చిపులుసు చేస్తారట కదా అని అడిగాను. విమలకు ఆ వంట ప్రాణమని మా ఆయన ఒకసారి నోరు జారారు. అంతకుమించి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

"చేస్తం. కాయ కాల్చి చేస్తం. మీ కోస్తోళ్లు పులుసుల బెల్లం ఏస్తరట గద? మా దిక్కు అట్ల చేస్తే గిన్నె లేపి బయట పారబోస్తరు!" అని ఆమె పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నా కాళ్ల దగ్గర సంచిలో రూతమ్మ గారికని తీసుకెళ్తున్న రెండు కిలోల బెల్లం అచ్చు ఉంది. దాన్ని కాలితో నెమ్మదిగా సీటు కిందికి తోసేశాను.

దిగేటప్పుడు ఇంకో ముచ్చట. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పై బెర్తు మీద పెట్టాను. మహబూబాబాదులో ఎక్కిన పెద్దాయన ఎవరో దాన్ని తలకింద పెట్టుకొని హాయిగా నిద్రపోయాడు. వరంగల్లులో పెట్టె తీసి ఊపితే ఇసుక చప్పుడు వచ్చింది. మొదటిసారి ఆ గడప తొక్కబోతూ పూతరేకుల పొడి పట్టుకెళ్తున్నానే అని ఏడుపొచ్చినంత పనైంది.

కాశిబుగ్గ

ఆటోవాడు వంద అడిగి ఎనభైకి వచ్చాడు. రూతమ్మ గారి వీధిలో సగం ఇళ్లు నేతపనివాళ్లవి. పగలంతా టకటకమని మగ్గం చప్పుడు వస్తూనే ఉంటుంది. మొదటి గంట అది నా గుండెదే అనుకున్నాను. పక్కింటి లచ్చవ్వ మగ్గం ఆపి మరీ గుమ్మంలోకొచ్చి నన్ను చూసింది. "ఈమేనా రూతమ్మా, దయాకర్ చేసుకున్నామె? సన్నగున్నది గదనే!" అంది, నేను అక్కడ లేనట్టే.

రూతమ్మ గారు గట్టి మనిషి. అరవై దాటినా నడుం వంగలేదు. "రా బిడ్డా. మా అల్లుని కాలెట్లున్నది?" అన్నారు. మావైపు ఒక మాట ఉంది, రెండో పెళ్లిగా వచ్చినదానికి మొదటామె పుట్టిల్లే పుట్టిల్లని. అక్కడా అదే పద్ధతి. ఆమె నన్ను బిడ్డా అన్నారు కాబట్టి నేను అమ్మా అన్నాను.

షారోన్ మంచినీళ్లు తెచ్చింది. రెండు జడలు, మోచేతి మీద గీసుకుపోయిన గాయం, వాళ్ల నాన్న కనుబొమలు. "వందనాలు చిన్నమ్మా" అంది, ఆదివారం బళ్లో వాక్యం ఒప్పజెప్పినట్టు. పూతరేకుల పొడి గిన్నెలో పోసిస్తే చెంచాతో తింది. ఇలాగే తింటారనుకొని ఉంటుంది పాపం. నేనూ సరిదిద్దలేదు.

గోడ మీద విమల ఫొటో. దాని కిందే నాకు భోజనం వడ్డించారు. మామిడికాయ పప్పు, జొన్న రొట్టె. ఆ పప్పులో మేం వేసే దానికి రెట్టింపు కారం. కళ్లల్లో నీళ్లు తిరిగితే తలెత్తలేదు, ఫొటో చూసి ఏడుస్తోందనుకుంటారేమోనని.

తిన్నాక రూతమ్మ గారు చెయ్యి తుడుచుకుంటూ, పిల్ల ముందే అసలు మాట చెప్పారు.

"ఎల్లుండి కూడికకు బగారన్నం, కోడికూర వంటోళ్లు చేస్తరు. పచ్చిపులుసు మాత్రం ఇంట్లనే. అది మా విమలకు పానం. ఏటా నేనే చేస్త, షారోను తిని చెప్తది అమ్మ చేసినట్టున్నదా లేదా అని. ఈసారి నువ్వు చెయ్యి బిడ్డా. రేపటి సంది దానికి వండిపెట్టేది నువ్వైతే, నీ చెయ్యెట్లున్నదో సూడాలె గద. పిల్ల తిని, అమ్మ చేసినట్టే ఉన్నదంటే నాకు ఏ చింత, రంధి లేదు. నిమ్మళంగ పంపిస్త."

"లేకపోతేనో అమ్మా?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"అప్పుడు సూద్దాం" అన్నారు.

షారోన్ కంచాలు తీసుకొని లోపలికి వెళ్లిపోయింది. విమల ఎలా చేసేదో చెప్పండమ్మా, కొలతలు రాసుకుంటానన్నాను. రూతమ్మ గారు నవ్వి, "కొలత లేదు, ఏం లేదు. నేను అందాజతోని చేస్త. కాయ కాల్వాలె, పిసుకాలె, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, నువ్వుల పొడి, అంతే" అన్నారు. లచ్చవ్వ వచ్చి నువ్వులు కాదు పల్లీలంది. ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. నేను పుస్తకంలో రెండూ రాసుకున్నాను. రైలావిడ చెప్పిన బెల్లం మాట కూడా రాసి, దాని కింద రెండు గీతలు గీశాను. వద్దు అని.

రఘునాథపల్లి

మర్నాడు కాయల కోసం నన్నూ షారోన్‌నూ రఘునాథపల్లి పంపారు. అక్కడ రూతమ్మ గారి పుట్టింటివాళ్ల పొలం ఉంది. ఐలయ్య అనే రైతు కౌలుకు చేస్తున్నాడు. ఆ గట్టు మీది పుల్లమామిడి కాయతోనే విమల పులుసు చేసేదట.

బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదని దర్జాగా కూర్చున్నాను. కండక్టరమ్మ నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి, "మీది ఆంధ్ర ఆధార్ గదమ్మా. ఇక్కడిదుంటేనే ఫ్రీ. టికెట్ తీసుకోవాలె" అంది. బస్సంతా నా వైపు తిరిగింది. షారోన్ తన జీరో టికెట్టును వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి బయటకు చూసింది. ఇద్దరం పక్కపక్కనే కూర్చొని చెరొక రాష్ట్రంలా ప్రయాణం చేశాం.

హైదరాబాదు రోడ్డు పొడుగునా తాటిముంజలవాళ్లు. మావైపు ముంజల్ని తొక్కతో సహా చప్పరించడమే తప్ప, మా ఇంట్లో వండే అలవాటు లేదు. ఐలయ్య ఇంట్లో ఆయన భార్య కొమురమ్మ ముంజల కూర పెట్టింది. నీళ్లోడే లేత ముంజలు పనికిరావట. కాస్త ముదిరి, కొబ్బరిలా పట్టున్నవి ఏరి, తొక్కతీసి ముక్కలు కోసి, ఉల్లిగడ్డ వేయించాక అందులో వేసి, గసగసాలూ ఎండుకొబ్బరీ నూరిన ముద్దతో పది నిమిషాలు మగ్గనివ్వాలి. వేడన్నంలో తింటే కోడిగుడ్డు కూరా కాదు, పన్నీరూ కాదు, మధ్యలో ఏదో. కంగారులో ఉన్నా రెండుసార్లు పెట్టించుకున్నాను. కొత్తచోట నాకు ఆకలి ఎక్కువవుతుంది, అది నా జబ్బు.

ఐలయ్య కాయలు కోస్తూ పిల్లను పలకరించాడు. "మీ అమ్మ నీ అంతప్పుడు ఈ కొమ్మ మీదెక్కి కూసుంటుండె. చెప్పింది గదా నీకు? యాదికున్నదా?"

"ఉన్నది తాతా" అంది షారోన్.

"నిన్ను సంకనేసుకొని మొన్నమొన్ననే వచ్చినట్టున్నది. గీన్నే కూసోని నీకు మామిడిపండు తినిపించింది. అది గూడ యాదికున్నదా బిడ్డా?" అని కొమురమ్మ.

"ఆ, ఉన్నది."

తిరుగు బస్సులో మాట కలుపుదామని నేనూ అదే అడిగాను. "ఏ పండు తినిపించిందే అమ్మ? బంగినపల్లా, రసాలా?" పిల్ల ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది. వరంగల్లు వచ్చేదాకా తిప్పలేదు. నేనంటే గిట్టడం లేదని ఖాయం చేసుకున్నాను. వాళ్లమ్మ పేరు నా నోట వినడం ఇష్టం లేదనుకున్నాను. ఆ రాత్రి మా ఆయన ఫోన్ చేస్తే అంతా బాగుందని చెప్పి, పెట్టేశాక ముక్కు చీదుకున్నాను.

కుంపటి దగ్గర

కూడిక రోజు పొద్దున్నే వెనక వసారాలో కుంపటి రాజేశారు. ముందు రూతమ్మ గారు దగ్గరుండి చూపించారు. కాయను బొగ్గుల మీద తిప్పుతూ తొక్క నల్లగా మాడి, తొడిమ దగ్గర రసం బుడబుడమనేదాకా కాల్చాలి. ఆరాక తొక్క వలిచి, గుజ్జును నీళ్లలో చేత్తో పిసకాలి. పచ్చిమిరపకాయలు కూడా అవే నిప్పుల మీద కాల్చి, జీలకర్రా ఉప్పూ వేసి నూరాలి. ఉల్లిపాయ సన్నగా తరిగి, నలిపి వెయ్యాలి. మళ్లీ పొయ్యి ఎక్కించే పనే లేదు, పేరులోనే పచ్చి ఉంది. చివర్లో వేయించిన నువ్వుల పొడి, కొత్తిమీర, ఆవాలూ ఎండుమిర్చీ పోపు. ఇంతే వంట. ఇంతకే నాకు రెండు వేళ్లు కాలాయి.

పెద్ద గిన్నె నిండింది. రూతమ్మ గారు అరచేతిలో వేసుకొని నాకి, కాసేపు కళ్లు మూసుకొని, "సరిపోయింది" అన్నారు. షామియానావాళ్లు పిలిస్తే ముందుకు వెళ్లిపోయారు. నాకు ఊపిరి ఆడింది. సరిపోయిందన్నారు! పిల్ల ఒక్క మాట అంటే చాలు, రెండో టికెట్ నిజమవుతుంది.

అప్పటిదాకా గోడవారన ఉల్లిపొట్టు ఏరుతున్న షారోన్ దగ్గరకొచ్చి కూర్చుంది.

"చిన్నమ్మా, నువ్వు మా అమ్మ చేసిన పులుసు తిన్నవా?"

"లేదమ్మా. నేను మీ అమ్మను చూడనే లేదు."

"ఎన్నడు తినలేదా? జరంత గూడ?"

"జరంత కూడా."

పిల్ల ముందువైపు చూసింది. అమ్మమ్మ రావడం లేదని రూఢి చేసుకొని, గొంతు తగ్గించి చెప్పింది. "నాక్కూడ యాదికి లేదు."

నాకు అర్థం కాలేదు. "ఏం గుర్తు లేదు?"

"పులుసు. ఎట్లుంటుండెనో యాదికి లేదు. అమ్మమ్మ ఏటా అడుగుతది, అందరు నా దిక్కే సూస్తరు. నేను ఔనంట. చెట్టు యాదికి లేదు, మామిడిపండు యాదికి లేదు. యాదికి లేదంటే నాకు అమ్మ మీద పావురం లేదు, ప్రేమ లేదనుకుంటరు. నువ్వు ఎవలకు చెప్పకు చిన్నమ్మా. ఇయ్యాల గూడ ఔననే అంట."

చెప్పేసి, ఏరిన ఉల్లిపొట్టును మళ్లీ కింద పోసి మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

నిజం రాస్తాను, సిగ్గుగా ఉన్నా సరే. నాకు మొదట వచ్చిన ఆలోచన, అననీ అని. ఔనంటే పిల్ల నాది. మూడుసార్లు అన్నది నాలుగోసారి అంటుంది, ఏం పోయింది? ఆ తర్వాత దాని ముఖం చూశాను. తొమ్మిదేళ్ల పిల్ల, తల్లి గుర్తులేదన్న తప్పును నాలుగేళ్లుగా ఒక్కతే దాచుకొని తిరుగుతోంది. బస్సులో అది ముఖం తిప్పుకుంది నా మీద కోపంతో కాదు. నేనూ ఆ వరసలో చేరి, యాదికున్నదా అని అడిగినందుకు.

ఈసారి ఔనంటే, ఆ అబద్ధంతోనే అది నా ఇంటికి వస్తుంది. వచ్చి నా కంచం ముందు కూడా ఔనంటూనే ఉంటుంది. పిల్లను పక్కింటికి కొత్తిమీర తెమ్మని పంపాను, గిన్నెలో ఉన్నా సరే. లోపలికెళ్లి, ఇవ్వకుండా సంచిలోనే ఉంచేసిన నా బెల్లం అచ్చు తీసి, పచ్చడిబండతో కొట్టి, పెద్ద ముక్క తెచ్చి పులుసులో వేశాను. చాలదనిపించి ఇంకొకటి వేశాను. గంటెతో తిప్పుతుంటే కళ్లనీళ్లు కారాయి. ఉల్లిపాయలని చెప్పొచ్చనుకున్నాను కానీ, ఎవరూ అడగలేదు.

కూడిక

నలభై మంది దాకా వచ్చారు. పాటలు పాడారు, పాస్టరుగారు వాక్యం చెప్పారు, ప్రార్థన అయింది. నేను తలవంచుకొని చేసిన ప్రార్థన ఏమిటో ఇక్కడ రాయను. విమలతో కూడా ఒక మాట చెప్పుకున్నాను, నీ పులుసు పాడు చేశాను, ఏమీ అనుకోకు అని.

భోజనాలకు కూర్చున్నారు. రూతమ్మ గారు గంటె పట్టుకొని ముందు షారోన్ దగ్గరకు వెళ్లారు. దాని విస్తట్లో పోశారు, పక్కనే ఉన్న లచ్చవ్వకూ పోశారు. పిల్ల ఇంకా వేలు ముంచలేదు. "తిను బిడ్డా, తిని చెప్పు" అన్నారు రూతమ్మ గారు. అందరూ ఆ పిల్ల వైపే చూస్తున్నారు. షారోన్ పెదవులు అప్పటికే ఔననడానికి సిద్ధంగా ఉన్నాయి.

"ఓ అవ్వో!" లచ్చవ్వ కేక. "ఇది పచ్చిపులుసానే, శ్రీరామనవమి పానకమానే? పండ్లు జివ్వుమన్నయి!"

వరసంతా రుచి చూశారు. ఒకాయనకు పొలమారింది. ఎవరో "కోస్తామె చేసింది గద, బెల్లం ఎయ్యకుంటే వాళ్లకు చెయ్యి ఊకుంటదా!" అన్నారు. నవ్వులే నవ్వులు. "పాయసం ఎక్స్‌ట్రా చేసిన్రు, అన్నంల గాదు, గ్లాసుల పోయుర్రి!" అని ఇంకొకరు. పాస్టరుగారు కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను మధ్యలో నిలబడి, చెవులు కాలిపోతుంటే, "అలవాటులో పడిపోయిందండీ, క్షమించండి" అన్నాను. అంత అవమానం నాకు ఎప్పుడూ జరగలేదు. కానీ పిల్లను ఒక్కరూ అడగలేదు. అడగడానికి ఏముంది? అమ్మ చేసినట్టు లేదని నలభై మందికీ తెలిసిపోయింది.

షారోన్ నన్నొకసారి చూసింది. తర్వాత పులుసు అన్నంలో కలుపుకొని మొత్తం తింది. ఇంకో గంటె పోయించుకుంది. రూతమ్మ గారు మాత్రం నవ్వలేదు. గంటె పట్టుకొని పిల్ల తింటుంటే అలాగే చూస్తూ నిలబడ్డారు.

అందరూ వెళ్లాక ఆమె వసారాలోకి వచ్చారు. "పొద్దుగాల నేను సూసినప్పుడు సరిగనే ఉండె గద బిడ్డా."

"చెయ్యి జారిందమ్మా."

"ఇంత పెద్ద బెల్లంగడ్డ జారిందా?"

పిల్ల మాట చెప్పనని మాటివ్వకపోయినా, ఇచ్చినట్టే. ఆమె పట్టుబట్టలేదు. గిన్నెలు తోమి బోర్లించి లోపలికెళ్లారు. పంపుతారో లేదో చెప్పలేదు. మర్నాటి రైలు పదకొండున్నరకు. పొద్దున లేచేసరికి నా సంచి పక్కన ఇంకో సంచి సర్ది ఉంది, పైన బడి పుస్తకాలు. నేను దాన్ని చూస్తూ కూర్చుండిపోయాను. ఎందుకు పంపుతున్నారని అడగడానికి భయం, అడిగితే మనసు మార్చుకుంటారేమోనని.

ప్లాట్‌ఫారం మీద

రైలు ఐదు నిమిషాలే ఆగుతుంది. పిల్లను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. రూతమ్మ గారు ఊచల్లోంచి చెయ్యి పెట్టి దాని జడ సవరించారు.

"బిడ్డా, నిన్న నిన్ను ఎవలు ఏం అడుగలే. నువ్వు తింటాంటే సూసిన. నాలుగేండ్ల సంది నువ్వు ఆ పులుసు గంత నిమ్మళంగ తినుడు నేను సూడలే. నీకు అమ్మ చేసింది యాదికి లేదు, అవునా?"

షారోన్ నా వైపు గిరుక్కున తిరిగింది. నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను. అది అమ్మమ్మ చెయ్యి పట్టుకొని, మెల్లగా, లేదు అన్నట్టు తలూపింది.

"నాక్కూడ లేదు బిడ్డా" అన్నారు రూతమ్మ గారు. "కన్నదాన్ని, నాకే యాదికి లేదు. నా అందాజతోని చేస్త. నువ్వు ఔనంటాంటే, ఇట్లనే ఉండె గావచ్చు అనుకొని సంబురపడ్త. దానికోసమే నిన్ను అడుగుతుంటి. తప్పు చేసిన."

"మరి మనకు ఎవలు చెప్తరు అమ్మమ్మా?"

రైలు కదిలింది. రూతమ్మ గారు నాలుగడుగులు పక్కనే నడిచారు. "మీ నాయన తిన్నడు గద. ఆయన్ని అడుగు" అని కేకేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడిపోయారు.

ఏడాదిగా మా ఆయన నా వంట తింటున్నారు. విమల ఎలా చేసేది అని ఒక్కనాడు నేను అడగలేదు. నాది దానికంటే తక్కువని ఆయన నోట వినాలేమోనని భయం. ఆయనా చెప్పలేదు, ఆయన భయం ఆయనది. ఆ పిల్లకు ఇలాంటివేమీ లేవు. మహబూబాబాద్ దాకా ఏడ్చింది, ముఖం నా పవిటతో తుడుచుకుంది, నా ఫోన్ తీసుకొని వాళ్ల నాన్నకు కలిపింది.

"నాయనా, అమ్మ పచ్చిపులుసుల బెల్లం ఏస్తుండెనా?"

ఆయన మాట్లాడుతున్నట్టు సన్నగా వినిపించింది, చాలాసేపే మాట్లాడారు. షారోన్ ఊఁ కొడుతూ వింది. మధ్యలో ఒకసారి నవ్వింది. డోర్నకల్ దగ్గర పడుతుండగా ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"జరంతేస్తుండెనట చిన్నమ్మా. నువ్వు మస్తు ఏసినవు."